ఎంఎడ్‌లో చేరే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి

బీఎడ్ అయిపోయింది, ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ ఎప్పుడొస్తుందో తెలీదు, ఖాళీగా ఉండటమెందుకని ఎంఎడ్‌లో, అంటే బీఎడ్ తర్వాతి పీజీ కోర్సులో, చేరిపోయేవాళ్లు చాలామంది. నేనూ అలా చేరినదాన్నే. మీరు మాత్రం ముందు లెక్క వేసుకోండి.

కాగితం పైన మొదట రాయాల్సింది ఫీజు కాదు, మీకు ఏ ఉద్యోగం కావాలో అది. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకైతే బీఎడ్, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) చాలు. డీఎస్సీలో పరీక్షకి 80 మార్కులు, టెట్‌కి 20, ఎంఎడ్ చేశారని విడిగా ఒక్క మార్కూ కలవదు. బీఎడ్ కాలేజీలోనో, జిల్లా టీచర్ శిక్షణ సంస్థ డైట్‌లోనో పాఠం చెప్పాలనుకుంటేనే దీనికి విలువ. అక్కడ కూడా ఎంఎడ్ ఒక్కటే సరిపోదు, మెథడాలజీ (ఒక సబ్జెక్టుని ఎలా బోధించాలో నేర్పే పేపరు) చెప్పాలంటే సబ్జెక్టులో పీజీ కూడా 55 శాతంతో ఉండాలి. పీజీ లేదా? అయితే ముందు అది కానివ్వండి.

ఇప్పుడు ఖర్చు. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రాలో పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ర్యాంకుతో కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఒక లెక్క, కాలేజీయే అమ్ముకునే మేనేజ్‌మెంట్ కోటా అయితే ప్రభుత్వం ఫీజు తిరిగి కట్టే రీయింబర్స్‌మెంట్ ఆశ వదులుకోండి. కన్వీనర్ సీటే కదా అని ధీమాగా ఉండకండి, నా బ్యాచ్‌కి ప్రభుత్వం డబ్బు సమయానికి రాలేదు, మొత్తం కట్టేదాకా కాలేజీవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు, అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చుకున్నాను. కాబట్టి ఫీజంతా చేతి నుంచే పోతుందనుకుని రాసుకోండి, తర్వాత తిరిగొస్తే సంతోషం.

అసలు పెద్ద ఖర్చు రసీదుల్లో కనపడదు. ప్రైవేటు స్కూల్లో నెలకి 18 వేలు వస్తున్నాయనుకోండి, రెండేళ్లు మానేస్తే 4,32,000. థియరీకి 80 శాతం అటెండెన్స్ ఉండాలని ఎన్‌సీటీఈ (టీచర్ విద్యను నియంత్రించే జాతీయ మండలి) నిబంధన. "నాన్ అటెండింగ్ చూసుకుంటాం మేడం" అంటూ, క్లాసుకి రాకుండానే హాజరు వేసే కాలేజీలూ ఉన్నాయి, దానికి రేటు వేరే, పైగా అలా చదివి బీఎడ్ పిల్లల ముందు ఏం నిలబడతాం? ఇక డిసర్టేషన్, అంటే మనం రాసే పరిశోధన గ్రంథం. ప్రశ్నావళి జిరాక్సులు, స్కూళ్ల చుట్టూ తిరగడానికి బస్సు చార్జీలు, హెడ్మాస్టరు భోజనం తర్వాత రమ్మంటే వరండాలో పడిగాపులు, చివర్లో బంగారు అక్షరాల బైండింగు. చిల్లర చిల్లరగా పోతుంది గానీ పోతుంది.

రాబడి సంగతి. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 దగ్గర మొదలవుతుంది, అది నెట్, సెట్ (లెక్చరర్ అర్హతకి జాతీయ, రాష్ట్ర పరీక్షలు), పీహెచ్‌డీ ఉన్నవాళ్ల ఆట. నెట్‌లో మంచి మార్కులతో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకి 37,000. ఫైనలియర్‌లోనే నెట్ రాయొచ్చు, కాకపోతే ఎడ్యుకేషన్ పేపరు తెలుగులో ఉండదు, తెలుగు మీడియం వాళ్లు మొదటి సెమిస్టర్ నుంచే ఇంగ్లీషులో చదవడం అలవాటు చేసుకోండి. నెట్ లేకుండా ప్రైవేటు బీఎడ్ కాలేజీకి వెళ్తే స్కూలు జీతం కన్నా గొప్పగా ఏమీ ఉండదు. కొన్నిచోట్ల లెక్చరర్ ఉన్నట్టు కాగితాల్లో చూపించడానికి సర్టిఫికెట్లు మాత్రం పెట్టుకుంటారు, మనిషి అక్కర్లేదు.

ఉద్యోగం మానడం కుదరకపోతే ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఎంఏ ఎడ్యుకేషన్ దూరవిద్యలో ఉంది, దానితోనూ నెట్ రాయొచ్చు. ఏడాది ఎంఎడ్ మళ్లీ తెస్తామని ఎన్‌సీటీఈ 2025లో ముసాయిదా పెట్టింది, చేరేటప్పుడు మీ కోర్సు ఎన్నాళ్లో కనుక్కోండి.

కాలేజీ చూడ్డానికి వెళ్తే ప్రిన్సిపాల్ గదితో ఆగకండి. గేటు బయట జిరాక్స్ షాపు దగ్గర సీనియర్లు దొరుకుతారు, ఒరిజినల్స్ చేతికొచ్చాయా అని వాళ్లనడగండి.