రైల్వే జోన్ లెక్కలు ఎలా చదవాలి

దక్షిణ మధ్య రైల్వే ‘రికార్డు ఆదాయం’ అని ప్రకటించగానే నేను చూసేది ఆ అంకెను కాదు, దేనితో పోల్చారన్నది. ఈ జూన్‌ను నిరుటి జూన్‌తోనే పోల్చండి. మే నెలతో పోలిస్తే వేసవి సెలవుల రద్దీ లెక్కను చెడగొడుతుంది. 2020 మార్చి చివర్లో ప్రయాణికుల రైళ్లు ఆగాయి, గూడ్సు రైళ్లు నడిచాయి. అందుకే 2020-21ని ఆధారంగా చేసుకున్న ప్రయాణికుల వృద్ధి శాతాలు నా దృష్టిలో దండగ.

సరకు దగ్గర తీరికగా ఆగాలి. సింగరేణి బొగ్గు పక్క జిల్లాకు వెళ్లినా, పొరుగు రాష్ట్రానికి వెళ్లినా టన్ను టన్నే. ఛార్జీ మాత్రం దూరాన్ని బట్టి మారుతుంది. కాబట్టి సరకు ఆదాయాన్ని టన్నులతో కాక టన్ను-కిలోమీటర్లతో (టన్నులను అవి ప్రయాణించిన దూరంతో గుణించగా వచ్చే లెక్క) భాగించండి. ఫలితం పెరిగిందంటే ఛార్జీలైనా పెరిగి ఉండాలి, సరకు రకమైనా మారి ఉండాలి, సగటు దూరమైనా తగ్గి ఉండాలి (దూరం తగ్గితే కిలోమీటరుకు పడే ఛార్జీ ఎక్కువ). ఏది నిజమో తేలాలంటే బొగ్గు, సిమెంటు, ఎరువుల లెక్కలు విడివిడిగా రాసుకోవలసిందే. విసుగు పుట్టించే పనే, కానీ అసలు కథ అక్కడే దొరుకుతుంది.

ప్రయాణికుల సంఖ్య తగ్గి ఆదాయం పెరిగితే తరగతులవారీ పట్టిక తెరవండి. జనరల్ టికెట్లు తగ్గి ఏసీ టికెట్లు పెరిగినప్పుడు అలా జరుగుతుంది.