క్యాబేజీకి ఆవ పెట్టడం: ఎప్పుడు, ఎలా, ఎందుకు

క్యాబేజీలో గ్లూకోసినోలేట్లు అనే గంధకపు పదార్థాలు ఉంటాయి. ఆకు తెగినప్పుడు మైరోసినేస్ అనే ఎంజైము వాటిని విడగొట్టి ఐసోథయోసయనేట్లు అనే ఘాటు పదార్థాలను తయారుచేస్తుంది. మన ఒంట్లోని యాంటీఆక్సిడెంట్ ఎంజైములను పెంచే గుణం వీటిది. అయితే క్యాబేజీ ఉడికేసరికి దానిలోని మైరోసినేస్ చచ్చిపోతుంది. ఆ తర్వాత ఆ పని పేగుల్లోని బ్యాక్టీరియా కొంత చేస్తుంది గానీ అది తక్కువే. పచ్చి ఆవాల్లో ఈ ఎంజైము పుష్కలంగా ఉంటుంది. కూర ఉడికాక ఆవ, అంటే పచ్చి ఆవాల ముద్ద, కలిపే మన పద్ధతి ఇక్కడే అక్కరకొస్తుంది.

అరకిలో క్యాబేజీ ముందే కడిగి, సన్నగా తరగండి. తరిగాక కడిగితే సారం నీళ్లపాలే. తరుగును అరగంట అలాగే వదిలేయండి, ఎంజైము పని ఆ వ్యవధిలోనే మొదలవుతుంది.

ఆవకి ఒకటిన్నర చెంచా ఆవాలు, రెండు ఎండుమిర్చి పావుగంట నానబెట్టి, చిటికెడు ఉప్పు వేసి, చల్లటి నీళ్లతో మెత్తగా రుబ్బాలి. మిక్సీని ఆపి ఆపి తిప్పండి, జారు వేడెక్కితే ఘాటు తగ్గి చేదు తేలుతుంది. ముద్దను పది నిమిషాలు మూతపెట్టి ఉంచితే ఘాటెక్కుతుంది. ఈ దశలో పులుపు తగలనివ్వకండి, ఎంజైము మందగిస్తుంది.

శనగపప్పు, మినప్పప్పు, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టండి. అందులో ఆవాలు వేసినా అవి రుచికే, నూనెలో చిటపటలాడిన ఆవాల్లో ఎంజైము మిగలదు. తరుగు, పసుపు, ఉప్పు, పావు కప్పు నీళ్లు వేసి మూతపెట్టి ఏడెనిమిది నిమిషాలు మగ్గించండి. ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తే గ్లూకోసినోలేట్లు వార్పుతో పోతాయి. ఉసిరికాయంత చింతపండు రసం పోసి, తడి ఆరేదాకా ఉంచి దించండి.

అన్నిటికన్నా ముఖ్యం, దించగానే ఆవ కలపకండి. కూర గోరువెచ్చగా, వేలు పెడితే కాలనంతగా అయ్యాకే ముద్ద వేసి బాగా కలిపి మూతపెట్టండి. పావుగంట ఊరనిచ్చి వడ్డించండి. మళ్లీ వేడి చేస్తే ఘాటు ఆవిరైపోతుంది. పూటకు సరిపడా కలుపుకుని, మిగతా కూర ఆవ లేకుండా ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మర్నాడు వెచ్చచేసుకుని తాజా ఆవ కలుపుకోవచ్చు. కాలీఫ్లవర్‌కీ ఇదే పద్ధతి.