నురగ కూలిపోతే ఊకను తిట్టకండి, అమ్మోనియా కొలవండి

వరి ఊక పొడి కలిపి లేటెక్స్ (రబ్బరు చెట్టు పాలు) నురగను అచ్చు పోసేవాళ్లకు ఇది తెలిసిన బాధే. నురగ బ్రహ్మాండంగా పొంగుతుంది. అచ్చులో పోశాక చూస్తుండగానే నడుమ గుంట పడుతుంది. కోసి చూస్తే అడుగున మందపాటి రబ్బరు పొర, పైన శనగగింజంత బొక్కలు. ఇక అందరూ ఆ ఊక పొడి మీద పడతారు. అదే మిశ్రమాన్ని ఊక లేకుండా చిన్న గిన్నెలో ఒక్కసారి గిలక్కొట్టి చూడమంటే మాత్రం ఎవరికీ ఓపిక ఉండదు. అదీ కూలిందా, ఊక తప్పేమీ లేదు.

నిల్వ కోసం గాఢ లేటెక్స్‌లో 0.7 శాతం దాకా అమ్మోనియా కలుపుతారు. గిలక్కొట్టిన నురగను అచ్చులో పోసి గట్టిపరిచే డన్‌లప్ పద్ధతిలో నురగను జెల్ చేసేది, అంటే తోడుకునేలా చేసేది, సోడియం సిలికోఫ్లోరైడ్ (ఇది విషం, గ్లవ్స్ వేసుకోండి). నీళ్లలో అది ఆమ్లం వదులుతుంది, పీహెచ్ (క్షార గుణం కొలత) దిగి రబ్బరు కణాలు అతుక్కుంటాయి. అమ్మోనియా ఎక్కువుంటే ఆ ఆమ్లాన్ని మింగేస్తుంది. జెల్ ఆలస్యమవుతుంది, ఈలోపు బుడగలు కలిసిపోయి పగులుతాయి.

నేనూ మొదట్లో సిలికోఫ్లోరైడ్ పెంచాను. పనిచేసింది. వారం తర్వాత అదే డ్రమ్ము, అదే కొలత: బీటర్‌లోనే పెరుగులా తోడుకుంది. మూత సరిగా బిగించక అమ్మోనియా ఎగిరిపోయింది మరి. తీగల మధ్య ఇరుక్కున్న రబ్బరును కత్తితో కోసి తీసేసరికి సాయంత్రమైంది.

కాబట్టి డ్రమ్ము తెరిచిన ప్రతిసారీ కొంచెం లేటెక్స్ తీసి మిథైల్ రెడ్ (రంగు మారి గుర్తు చూపే ద్రవం) వేసి, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేయండి, అంటే రంగు మారేదాకా ఎంత ఆమ్లం పట్టిందో చూసి అమ్మోనియా లెక్కకట్టండి. అమ్మోనియా ఎక్కువుంటే లేటెక్స్‌ను నురగ రాకుండా మెల్లగా కలుపుతూ పైన ఫ్యాన్ గాలి తగలనివ్వండి, 0.2 శాతం దగ్గర ఆపండి. మీగడలా కట్టిన పొరను వడకట్టండి. వంద పాళ్ల పొడి రబ్బరుకు ఒక పాలు సిలికోఫ్లోరైడ్‌తో మొదలుపెట్టి, ఆ తర్వాతే అటూ ఇటూ జరపండి.

ఊక లేని గిన్నె నిలబడి, ఊక వేసిందే కూలితే అప్పుడు ఊకను పట్టుకోండి. పొడిగా చల్లితే అది నీళ్లనూ సబ్బునూ పీల్చేస్తుంది. నీళ్లు, కొంచెం పొటాషియం ఓలియేట్ సబ్బు పోసి మెత్తగా నూరి, పీహెచ్ 10కి తెచ్చి, రాత్రంతా నాననిచ్చి కలపండి. మొదట వంద పాళ్ల పొడి రబ్బరుకు 5 పాళ్ల ఊక చాలు.

ఆరాక నురగ జిగురుగా ఉంటే, జెల్ అయ్యాక అచ్చును ఆవిరిలో ఉంచిన సమయం చాలలేదు, ఇంకాసేపు పెట్టండి. కొన్నాళ్లకే మెత్తబడి చిట్లుతుంటే ఎక్కడో రాగి పాత్ర తగిలి ఉంటుంది, మార్చేయండి.