ముద్ద గొంతు దిగకపోతే బయాప్సీ అడగండి

మాది కావలి. మా పెద్దవాడు చిన్నప్పటి నుంచి అన్నం ముందు గంటసేపు కూర్చునేవాడు. ముద్ద ముద్దకీ నీళ్లు తాగేవాడు. మాంసం పెడితే నమిలి నమిలి పళ్లెం అంచున పెట్టేసేవాడు. మొండితనం అనుకుని తిట్టాను. పదహారో ఏట ఒక పెళ్లిలో మటన్ ముక్క గొంతు దిగక, ఉమ్ము కూడా మింగలేకపోయాడు. నెల్లూరు తీసుకెళ్తే గొట్టం వేసి ముక్క తీశారు. "లోపల బాగానే ఉంది, గ్యాస్" అని మాత్రలు రాసి పంపారు. ఆ మాట నమ్మి ఏడాది పోగొట్టుకున్నాం. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫగైటిస్. మన వైపు ఇస్నోఫీలియా అంటే దగ్గు, ఆయాసం అనుకుంటాం. ఇసినోఫిల్స్ అనేవి రక్తంలోని ఒక రకం తెల్లకణాలు. ఎలర్జీ ఉన్నా, నులిపురుగులున్నా పెరుగుతాయి. కడుపులో, పేగుల్లో కొన్ని ఉండటం మామూలే, అన్నవాహికలో, అంటే గొంతు నుంచి కడుపుకి తిండి దిగే గొట్టంలో మాత్రం ఉండకూడదు. ఏదో ఒక తిండి పడక అవి అక్కడ చేరితే వాపు వస్తుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే గొట్టం బిగుసుకుని సన్నబడుతుంది. ఆస్తమా, తుమ్ములు, చర్మంపై దురద ఉన్నవాళ్లలో, మగపిల్లల్లో ఎక్కువ. మావాడికి చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవి. ఇలాంటివేవీ దాచకుండా డాక్టరుకి చెప్పండి.

ఎండోస్కోపీలో, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూసినప్పుడు, లోపల గీతలు, రింగులు, తెల్లటి మచ్చలు కనబడొచ్చు, ఏమీ కనబడకపోవచ్చు కూడా. అందుకే బయాప్సీకి, అంటే మైక్రోస్కోప్‌లో చూడటానికి, అన్నవాహిక పైనా కిందా కలిపి లోపలి పొర నుంచి కనీసం ఆరు చిన్న ముక్కలు తీయమని ముందే అడగండి. అడగడానికి మొహమాటపడకండి. రక్తపరీక్ష మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండొచ్చు. మైక్రోస్కోప్‌లో ఎక్కువ పెద్దదిగా చూసినప్పుడు ఒక్క చోట 15 కణాలు, అంతకు మించి ఉంటే ఈ జబ్బుగా అనుమానిస్తారు. చెన్నైలో తీసిన ముక్కల్లో మావాడికి 42 వచ్చాయి. రిపోర్టులో అంకె రాయించుకోండి. పాంటాప్రజోల్ లాంటి ఎసిడిటీ మాత్రలు వాడుతుంటే కణాలు తగ్గి కనబడతాయి, ఆ సంగతీ చెప్పండి.

వైద్యం మూడు దారుల్లో ఉంటుంది. ఎసిడిటీ మాత్రలు కొందరికి సరిపోతాయి. రెండోది, నెబ్యులైజర్‌లో వాడే బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందుని తేనెలోనో చక్కెరలోనో చిక్కగా కలిపి మింగడం. డోసు డాక్టరే చెప్పాలి. మింగాక నోరు పుక్కిలించి ఉమ్మేసి, అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. బాగా సన్నబడిన గొట్టాన్ని బెలూన్‌తో వెడల్పు చేస్తారు.

మూడోది పథ్యం. మాకు పనిచేసింది ఇదే. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, పల్లీలు జీడిపప్పు వగైరా, చేపలు రొయ్యలు, ఈ ఆరింటి మీదే ఎక్కువ అనుమానం. చర్మం మీద గుచ్చి చేసే ఎలర్జీ పరీక్షలు ఈ జబ్బులో సరిగ్గా చెప్పలేవు. అన్నీ ఒకేసారి మానిపిస్తే పిల్లవాడు నీరసిస్తాడు. మా డాక్టరు పాలతోనే మొదలుపెట్టమన్నారు. పాలు అంటే పెరుగు, మజ్జిగ, నెయ్యి, కోవా, అన్నీ. గేదె పాలైనా మేక పాలైనా ఒకటే. పెరుగన్నం లేకుండా మనింట్లో భోజనం ముగుస్తుందా? వాడికి చారన్నంతో ముగించాను, ఆ రెండు నెలలు నేనూ పెరుగు వేసుకోలేదు. గోధుమ మానాల్సి వస్తే ఇంగువ డబ్బా చదవండి, చాలా వాటిలో గోధుమ పిండి ఉంటుంది. రాగి సంగటి, జొన్న రొట్టె, వరి అన్నం తినొచ్చు.

పాలు మానిన రెండు నెలలకు మళ్లీ ఎండోస్కోపీ చేస్తే 4 కణాలే వచ్చాయి, మావాడికి పడనిది పాలే అన్నమాట. బాధ తగ్గిందని ఈ రెండో పరీక్ష ఎగ్గొట్టకండి, మింగుడు బాగున్నా లోపల వాపు ఉండొచ్చు.

కడుపులో, పేగుల్లో ఇదే వాపు వస్తే నొప్పి, వాంతులు, విరేచనాలు ఉంటాయి. అప్పుడు స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే మలపరీక్ష చేయించి, నులిపురుగులు లేవని తేల్చుకోండి. స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగుంటే స్టెరాయిడ్‌తో ప్రాణానికే ముప్పు.

వాణ్ని ఒంగోలు హాస్టల్లో చేర్చినప్పుడు వంటమనిషికి ఒక కాగితం ఇచ్చాను. పాలు, పెరుగు, నెయ్యి వద్దు. చేపల పులుసు పెట్టొచ్చు. గొంతులో ముద్ద నిలిచిపోతే అరటిపండు, ఉత్త అన్నం ముద్ద, నీళ్లు ఇచ్చి తోయకండి. ఉమ్ము మింగలేకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, దారిలో నాకు ఫోన్ చేయండి.