డారియా ఇంటిని చూడడం ఎలా: ఆటిజం ఉన్న టీనేజర్ పక్కన కూర్చునేవాళ్ళకు

మా అక్క కూతురికి పదమూడో ఏట ఆటిజం ఉందని తేలింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. "ఎందుకలా చేశావు?" అని ఎవరడిగినా గోడకేసి చూస్తుంది. "డారియా ఎందుకలా చేసింది?" అంటే మాత్రం మనం ఆపేదాకా చెబుతుంది. ఆ తేడాను ఎలా వాడుకోవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం, ఆ పిల్లకి పిన్నిని.

డారియా అమెరికన్ కార్టూన్. 1997 నుంచి 2002 దాకా ఎంటీవీలో వచ్చింది. గ్లెన్ ఐక్లర్, సూసీ లూయిస్ తయారుచేశారు. 65 ఎపిసోడ్లు, రెండు టీవీ సినిమాలు. లాన్‌డేల్ అనే ఊళ్ళో స్కూలుకి కొత్తగా వచ్చిన అమ్మాయి డారియా మోర్గెన్‌డోర్ఫర్. పెద్ద గుండ్రటి కళ్ళజోడు, ఎత్తుపల్లాలు లేని గొంతు, నవ్వని ముఖం, పదునైన నోరు. అమ్మ హెలెన్ లాయరు, ఫోను చెవి నుంచి దించదు. నాన్న జేక్ కన్సల్టెంటు, మాట్లాడుతూ మాట్లాడుతూ తన చిన్నప్పటి మిలిటరీ స్కూలు గుర్తొచ్చి అరుస్తాడు. చెల్లెలు క్విన్‌కి స్కూల్లో మంచి పాపులారిటీ, డారియా తన అక్క అని చెప్పుకోవడానికి మాత్రం నామోషీ. ఉన్న ఒక్క స్నేహితురాలు జేన్. డారియాకి ఆటిజం ఉందని సీరియల్లో ఎక్కడా అనరు. కానీ ఆటిజం ఉన్న చాలామంది ఆమెలో తమని చూసుకున్నారు. పదమూడు పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలతోనే చూడండి, కొన్ని జోకులు పెద్దవాళ్ళవి.

కూర్చోవడం సంగతి ముందు. ఎదురెదురుగా వద్దు, పక్కపక్కన కూర్చోండి. ఇద్దరి కళ్ళూ తెర మీదే ఉంటే ఒకరి ముఖం ఒకరు చూడాలన్న ఒత్తిడి ఉండదు. సబ్‌టైటిల్స్ పెట్టండి. రిమోట్ పిల్ల చేతికివ్వండి, ఎక్కడ ఆపాలో తనే చెబుతుంది. మొదటిసారి చూసేటప్పుడు మీరు ఏమీ అనకండి. ముఖ్యంగా "అచ్చం నీలాగే ఉంది కదా!" అనకండి. ఆ మాట తనకై తను అంటే ఒక రకం, మనం అంటే వేలెత్తి చూపినట్టే.

తర్వాత, కార్టూన్ కాబట్టి ఉన్నవాటిని లెక్కలోంచి తీసేయాలి. డారియా ఎప్పుడూ అదే ఆకుపచ్చ జాకెట్టు, అవే నల్ల బూట్లు వేసుకుంటుందని, అది ఆటిజం లక్షణమని చాలామంది అంటారు. అలా అయితే ఫ్యాషన్ క్లబ్బులో తిరిగే క్విన్ కూడా దాదాపు ప్రతి ఎపిసోడ్లో అదే గులాబీ టీషర్టులో ఉంటుంది మరి! బొమ్మలు గీసేవాళ్ళ సౌకర్యం అది. ఆ చప్పటి గొంతు కూడా కొంతవరకు హాస్యం కోసమే. ఇవి తీసేశాక మిగిలిందే మన సరుకు.

ఇప్పుడో నోటుపుస్తకం. పేజీకి మూడు గళ్ళు: దానికి ముందు ఏం జరిగింది, డారియా ఏం చేసింది, తర్వాత ఆమెకి ఏం దొరికింది లేదా ఏం తప్పింది. స్పెషల్ ఎడ్యుకేటర్లు పిల్లల ప్రవర్తన రాసుకునే పద్ధతే ఇది. "ఆమెకి ఆటిజం ఉందా లేదా" అనే గడి పెట్టొద్దు. ఆ వాదన మొదలైతే అందరం జడ్జీలమైపోతాం, పిల్ల లేచి వెళ్ళిపోతుంది.

మొదటి ఎపిసోడుతో మొదలుపెట్టండి. స్కూల్లో సైకాలజిస్టు ఒక బొమ్మ చూపించి ఇందులో వీళ్ళేం మాట్లాడుకుంటున్నారో చెప్పమంటుంది. అడవి గుర్రాల గుంపు స్వేచ్ఛగా పరిగెడుతోందంటుంది డారియా. ఆత్మవిశ్వాసం తక్కువని తేల్చి, స్కూలు అయ్యాక జరిగే క్లాసులో వేస్తారు. ఇక్కడ ఆపి అడగండి: ఆమెకి బొమ్మ అర్థం కాలేదా, అర్థమయ్యే ఆ జవాబిచ్చిందా? మా వాడకట్టులో ఎవరిని అడిగినా వెటకారం అంటారు. మా పిల్ల ఏమందంటే, "రెండూ, పిన్నీ. ఆ ప్రశ్నకి వాళ్ళకి కావలసిన జవాబు ఏదో తెలుసు, అది చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది." చేతకాకపోవడానికీ చేయాలనిపించకపోవడానికీ మధ్య ఇంకో మెట్టుంటుంది: చేయగలరు, కానీ చాలా ఖర్చవుతుంది. ఆటిజం ఉన్న ఆడపిల్లలు ఆలస్యంగా బయటపడడానికి ఒక కారణం ఇదే. నలుగురిలో నటించి నెట్టుకొచ్చేస్తారు, ఇంటికొచ్చి కూలబడతారు. వెటకారం చేయగలిగితే ఆటిజం కాదనే మాట కూడా నమ్మకండి. కొందరికి వెటకారం పట్టుకోవడం కష్టం, కొందరికి అదే మాతృభాష.

ఇక తట్టుకునే దారులు. డారియావి నాలుగు కనిపిస్తాయి: వెటకారం, పుస్తకం, గది, జేన్. ఒక్కోదానికి ఒక పేజీ తీసి, అది ఏ బాధ తగ్గిస్తోంది, బదులుగా ఏం పోగొడుతోంది అని రాయండి. గది సంగతి మంచి చర్చ. ఆ ఇంట్లో ముందున్నవాళ్ళు మానసిక జబ్బున్న ఒక పెద్దావిడ కోసం గోడలకి మెత్తలు కొట్టించారు. తీయిస్తామంటే డారియా ఉండనివ్వమంటుంది. రచయితలకి అది జోకు. కానీ మెత్తటి గోడలు చప్పుడు మింగేస్తాయి, అది మా పిల్ల వెంటనే పట్టేసింది. వెటకారం పేజీలో మాత్రం రెండో వైపు నిండిపోయింది. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్లో ఒక మాజీ ఫుట్‌బాల్ హీరో హఠాత్తుగా చనిపోతే, స్కూల్లో అందరూ వరసపెట్టి డారియా దగ్గరికే వస్తారు. నీకు దిగులు అలవాటే కదా, ఎలా తట్టుకోవాలో చెప్పు అని. ఏడవనంత మాత్రాన తనకేమీ అనిపించలేదని లోకం అనుకోవడం ఆమెను ఎంత గాయపరుస్తుందో చూడండి. ఆ ఎపిసోడ్ చూసిన రాత్రి మా అక్క చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయింది. మా నాన్నగారు పోయినప్పుడు పిల్ల ఏడవలేదని వచ్చినవాళ్ళంతా అన్నారు, మేమూ మధ్యలో అడ్డుపడలేదు.

కుటుంబం దగ్గరికొద్దాం, అసలు చదవాల్సింది అక్కడే. 2001లో వచ్చిన చివరి సీజన్ ఆఖరి ఎపిసోడ్. ఇంటికి ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె చూడగానే డారియాకి చిన్నప్పటి ఒక రాత్రి గుర్తొస్తుంది. అలాంటి పెట్టెలోనే తను దాక్కుని ఉంది, బయట అమ్మానాన్నా అరుచుకుంటున్నారు. గొడవ తన గురించే. మిగతా పిల్లలతో కలవడం లేదని స్కూలువాళ్ళు పిలిపించారు. అప్పటినుంచీ ఆ గొడవకి కారణం తనేనన్న బరువు ఆమె మీద ఉంది. దీన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి పిల్ల వైపు నుంచి, రెండోసారి హెలెన్, జేక్‌ల వైపు నుంచి. ఆ ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. ఏం చేయాలో చెప్పే మనిషి లేక ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డ ఉద్యోగస్తులు. స్కూలు నుంచి ఫోనొచ్చి ఆఫీసులో పర్మిషన్ అడుక్కుని పరిగెత్తిన ఏ తల్లిదండ్రులకైనా ఆ రాత్రి తెలుసు.

హెలెన్ మీద నేరం మోపడం చాలా తేలిక, జాగ్రత్త. 1940ల నుంచి రెండు దశాబ్దాల పైనే, తల్లులు ఫ్రిజ్‌లా చల్లగా ఉండబట్టే పిల్లలకి ఆటిజం వస్తుందని అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే చెప్పారు. ఆటిజాన్ని 1943లో వర్ణించిన లియో కానర్ రాతల్లోనే ఆ పోలిక ఉంది, బ్రూనో బెటెల్‌హైమ్ దాన్ని ఊరూరా పాకించాడు. అది తప్పని 1964లో సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్‌లాండ్ పుస్తకమే రాశాడు, ఆయన కొడుక్కీ ఆటిజమే. ఆటిజం పెంపకం వల్ల రాదు, జన్యువుల పాత్ర ఎక్కువ. అయినా మా అక్కతో "నువ్వు ఉద్యోగం మానేసుంటే పిల్ల ఇలా అయ్యేది కాదు" అన్నవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళకి రిమ్‌లాండ్ తెలియదు కదా, కాఫీ ఇచ్చి పంపించాం.

క్విన్‌ని కూడా వదలకండి. తోబుట్టువులు ఇంట్లో ధ్యాస అంతా ఒకరి వైపే పోతుంటే ఒక్కోసారి మరీ మంచిగా, మరీ సరదాగా తయారవుతారు. అదీ తట్టుకునే దారే. మా అక్కకి కొడుకు కూడా ఉన్నాడు, ఆ పేజీ వాడికోసం తెరిచాం.

ఇంటికి ఎలా తెచ్చుకోవాలి? రెండో సీజన్లో పెళ్ళి ఎపిసోడ్ ఒకటుంది. పెద్దమ్మ కూతురి పెళ్ళిలో డారియాని తోడిపెళ్ళికూతురిగా నిలబెడతారు, ఇష్టం లేని డ్రెస్సుతో సహా. అక్కడికి ఎమీ అనే హెలెన్ చెల్లెలు వస్తుంది. డారియాకి పిన్ని. అదే వెటకారం, అదే ఎడంగా నిలబడడం. ఆ గుంపులో డారియాకి ఊపిరాడేది ఆమె పక్కనే. (పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను.) ఇది చూశాకే మా పిల్ల తన ఓణీల ఫంక్షన్ గురించి మొదటిసారి నోరు విప్పింది. పట్టులంగా జరీ నడుం దగ్గర గుచ్చుకోవడం, వీడియో లైట్లు కళ్ళలో పడడం, డీజే, అక్షింతలు వేసే ప్రతి చెయ్యీ తల మీద తగలడం. అప్పుడు స్టోర్ రూంలో ప్లేట్లు లెక్కపెడుతూ కూర్చుంటే, పొగరు అన్నారు. మూడు గళ్ళలో రాస్తే పొగరు ఎక్కడా రాలేదు. ముందు చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, అంతే.

దాన్నుంచి కొన్ని పనులు పుట్టాయి. జరీ లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయిస్తున్నాం. ఫంక్షన్ హాల్లో ఖాళీ గది ఏదో వెళ్ళగానే చూపిస్తాం. ఫోటోలకి ఒక్కసారే నిలబడుతుంది, అన్ని గ్రూపులకీ కాదు. ఇయర్‌ప్లగ్స్ నా హ్యాండ్‌బ్యాగులో ఉంటాయి. "తలనొప్పి" అని నాకు మెసేజ్ పెడితే ఇంకేమీ అడక్కుండా బండి తీస్తాను. తట్టుకునే దారి మూసేయాలనిపిస్తే ముందు దాని బదులు ఇంకోటి చేతికివ్వండి. పుస్తకం లాక్కుని "వెళ్ళి అందరితో కలువు" అనడం మందు మానిపించి పరుగు పందెంలో దింపడమే.

కొన్ని దారులు మాత్రం అలా ఉండనివ్వకూడదు. తనని తాను కొట్టుకోవడం, గీసుకోవడం, తిండి మానేయడం, చచ్చిపోతానన్న మాట కనిపిస్తే కార్టూన్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అలాగే నోటుపుస్తకం చూసి రోగనిర్ధారణ చేయకండి, మీ పిల్లకైనా, పక్కింటి పిల్లకైనా. మన దేశంలో సర్టిఫికెట్ కోసం ఇసా (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అనే 40 అంశాల స్కేలు వాడతారు, దాన్ని శిక్షణ ఉన్నవాళ్ళే చేయాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీ అనే, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో కూడా అడగొచ్చు. వెళ్ళేటప్పుడు నోటుపుస్తకంలో మీ పిల్ల గురించి రాసుకున్న పేజీలు పట్టుకెళ్ళండి, అడిగిన ప్రశ్నలకి జవాబులు తడుముకోకుండా వస్తాయి. పట్టుకెళ్ళే ముందు పిల్లకి చూపించి, చూపించొద్దన్న పేజీ తీసేయండి.

వారానికి ఒక ఎపిసోడ్ చాలు. రోజుకు నాలుగు చూసి చర్చ పెడితే అది కూడా ట్యూషన్ అయిపోతుంది. ఏ వారమైనా "ఊరికే చూద్దాం, రాయొద్దు" అంటే పుస్తకం తెరవకండి.