సోర్సును కాపాడుకోవడం – 4వ పాఠం: నల్లగీత కింద ఏముంది?

పోయిన పాఠంలో సోర్సు (మనకు సమాచారం ఇచ్చిన మనిషి) జాడ దొరక్కుండా ఫొటోలోంచి లొకేషన్, తీసిన సమయం, ఫోన్ మోడల్ తీసేయడం నేర్చుకున్నాం. సాధన చేసినవాళ్లలో ఎక్కువమంది ఒకేచోట తప్పారు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, లొకేషన్‌తో సహా. "క్లారిటీ లేదు, డాక్యుమెంట్‌గా పెట్టు" అని పత్రిక డెస్కు అడగడం, మీరు ఒరిజినల్ పంపడం! 2012 డిసెంబరులో, పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని బయటపెట్టింది వైస్ పత్రిక పెట్టిన ఫొటోలోని జీపీఎస్ అంకెలే.

అందుకే ముందు స్క్రీన్‌షాట్ తీసి, దాన్నే డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులో తేదీ, సమయం ఉంటాయి కాబట్టి పేరు కూడా మార్చండి.

ఇక ఈ పాఠం: సోర్సు ఇచ్చిన కాగితం మీది పేర్లు కొట్టేయడం.

పీడీఎఫ్‌లో పేరు మీద నల్లడబ్బా గీస్తే పేరు చెరిగిపోదు, కనబడదంతే. 2019 జనవరిలో ట్రంప్ మాజీ ప్రచార సారథి పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టుకిచ్చిన పీడీఎఫ్‌లో నలుపు కింది వాక్యాలను కాపీ, పేస్టు చేసి అందరూ చదివేశారు. పరీక్ష సులభం: మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేయండి. కొట్టేసిన పేరు కనిపిస్తే పని కానట్టే. పేజీని బొమ్మగా మార్చి, బొమ్మ మీద నల్లడబ్బా నింపి, దాన్ని సేవ్ చేసి, మళ్లీ పీడీఎఫ్ చేయండి.

ఫోన్‌లో హైలైటర్ వాడొద్దు. నాలుగుసార్లు రుద్దితే నల్లగానే ఉంటుంది, బ్రైట్‌నెస్ పెంచితే అక్షరాలు తేలతాయి. బ్లర్ కూడా వద్దు. పది అంకెల ఫోన్ నంబరును గళ్లుగా మసకబారిస్తే, అన్ని నంబర్లనూ అలాగే మసకబార్చి పోల్చి చూడొచ్చు. క్రాప్ చేసిన ఫైలునూ నేరుగా పంపొద్దు, మళ్లీ స్క్రీన్‌షాట్ తీయండి. పిక్సెల్ ఫోన్లలో క్రాప్ చేసి పారేసిన భాగాన్ని తిరిగి రప్పించవచ్చని 2023లో తేలింది.

తెలుగు కాగితాలతో ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లిష్ అలవాటుతో సన్నగీత గీస్తారు. పైన గుడి, కింద వత్తు బయటికి పొడుచుకొస్తాయి. 'కృష్ణ'లో ణ వత్తు కనిపిస్తే ఆఫీసులో ఉన్న పదిమందిలో ఎవరో చెప్పడానికి ఆలోచించక్కర్లేదు. డబ్బా పై వరస అడుగు నుంచి కింది వరస తల దాకా ఉండాలి. వెడల్పు పేరును బట్టి మారకూడదు. రావుకైనా వెంకటసుబ్బారావుకైనా ఒకటే కొలత.

ఇంత చేసినా కాగితమే సోర్సును పట్టిస్తుంది. 2017లో ది ఇంటర్‌సెప్ట్ అనే వార్తా వెబ్‌సైట్ ఒక అమెరికా రహస్యపత్రాన్ని నిజమో కాదో తేల్చుకోవడానికి దాని ప్రతిని ప్రభుత్వానికే చూపించింది. మడతలు చూసి అది ప్రింటు తీసిన కాగితమని అధికారులు గ్రహించారు. దాన్ని ప్రింటు తీసినవాళ్లు ఆరుగురే. వారిలో ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ వెబ్‌సైట్‌కు మెయిల్ రాసింది రియాలిటీ విన్నర్ అనే ఉద్యోగిని ఒక్కరే. ఆమెకు 63 నెలల శిక్ష పడింది. ఇంటర్‌సెప్ట్ బయటపెట్టిన ప్రతిలో కలర్ ప్రింటర్ వేసే పసుపు చుక్కలు కూడా ఉన్నాయి. ప్రింటర్ సీరియల్ నంబరు, తేదీ, సమయం వాటిలో దాగుంటాయి. మన ఈ-ఆఫీస్ (ప్రభుత్వ ఫైళ్లు కంప్యూటర్‌లో నడిపే పద్ధతి) ప్రింటులోనైతే అడుగున తీసినవారి పేరే ఉండొచ్చు, ముందు అక్కడ చూడండి.

నేనైతే కాగితం ఫొటోను వార్తతో అచ్చేయను. అవసరమైన వాక్యాలు మళ్లీ టైపు చేస్తాను. అధికారి వివరణ కోసం ప్రతి ఇవ్వను, అంకెలు చెప్పి అడుగుతాను. పత్రికల మీది ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్‌కు సంబంధించిన 1978 చట్టంలోని 15(2) సెక్షన్ ఆ కౌన్సిల్ ముందు మాత్రమే సోర్సు పేరు చెప్పనక్కర్లేదంటుంది. కోర్టులో, పోలీసుల దగ్గర అది మిమ్మల్ని కాపాడదు.

సాధన: రెండు పేజీల జీవో ఒకటి తీసుకోండి. దాని ప్రతులు ఆరుగురి దగ్గరే ఉన్నాయనుకోండి. ఆవక (ఇన్‌వర్డ్) ముద్ర, పిన్ను రంధ్రం, పక్కన రాత, జిరాక్స్ మరక, ప్రతుల జాబితాలో టిక్కు... ఇది ఎవరి ప్రతో చెప్పే గుర్తులు కనీసం ఎనిమిది పట్టండి. తర్వాత అన్నీ కొట్టేసి, ఆఫీసు పని తెలిసిన ఇద్దరికి ఇవ్వండి. వాళ్లలో ఒక్కరు కనిపెట్టినా మొదటి నుంచి మళ్లీ చేయండి.