చెరువు గట్టు మీది రౌటర్‌కి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించడం ఎలా?

మా పాలకొల్లు, భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఇప్పుడు ఏరేటర్లతో పాటు సీసీ కెమెరాలు, వైఫై డబ్బాలు కూడా మామూలైపోయాయి. ఇంటి డాబా మీద ఒక డబ్బా, గట్టు మీద షెడ్డు దగ్గర ఇంకోటి, మధ్యలో కొబ్బరి చెట్లు. బిగించిన రోజు తర్వాత వాటి ఫర్మ్‌వేర్ జోలికి ఎవరూ పోరు. పనిచేస్తోందిగా అంటారు. ఫర్మ్‌వేర్ అంటే డబ్బాను లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్. అది పాతబడితే, అందులోని లోపాలు తెలిసినవాడు ఎక్కడినుంచైనా లోపలికి దూరగలడు.

ఒక్క డబ్బాయే అయితే బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరిచి మార్చుకోండి, చాలు. పదీ పదిహేను ఉన్నా, ఆ పేజీ అసలు తెరుచుకోకపోయినా కమాండ్లే దిక్కు. నెట్‌వర్క్ మీద ఫైల్ పంపే ఎస్‌సీపీ, టీఎఫ్‌టీపీ కమాండ్లు రెండూ ఉచితమే. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి, కొత్తది.బిన్ అన్నచోట మీ ఫైల్ పేరు ఇవ్వాలి.

ముందు డబ్బా తిరగేసి లేబుల్ చూడండి. మోడల్ పేరొక్కటే చాలదు, హార్డ్‌వేర్ వెర్షన్ కూడా కలవాలి. నేనొకసారి వెర్షన్ 2 డబ్బాకి వెర్షన్ 3 ఫైల్ ఎక్కించాను. ఇది సరిపోదని అది చెబుతూనే ఉంది, నేనే మొండికేసి బలవంతం చేశాను. ఒక్క లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. రాత్రి పదకొండింటికి చెరువు రైతు ఫోను: "కెమెరా రావట్లేదు బాబూ, రొయ్యలు ఎవడైనా ఎత్తుకుపోతే నువ్విస్తావా?"

ఫర్మ్‌వేర్ ఫైల్ దిగాక దాని చెక్‌సమ్, అంటే ఫైల్‌కి వేలిముద్రలాంటి కోడ్, చూడండి. విండోస్‌లో:

సర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్ కొత్తది.బిన్ ఎస్‌హెచ్‌ఏ256

లైనక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ అని కొట్టి ఫైల్ పేరు ఇస్తే చాలు. వచ్చే 64 అక్షరాలు డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినవాటితో కలవాలి. ఒక్కటి తేడా ఉన్నా మళ్లీ దింపుకోండి.

ఇక కరెంటు. గాలివాన రోజుల్లో మా వైపు సాయంత్రం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకే డబ్బాని యూపీఎస్ మీదకి మార్చాకే పని మొదలుపెడతాను. నిజానికి ఫైల్ పంపేటప్పుడు కరెంటు పోయినా నష్టం లేదు, ఫైల్ తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, మళ్లీ పంపుకోవచ్చు. ఆ తర్వాత దాన్ని శాశ్వత మెమరీలోకి రాసే రెండు మూడు నిమిషాలే టెన్షన్. అప్పుడు కరెంటు పోతే డబ్బా పనిచెయ్యని ఇటుకే.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్‌తో నడిచే రౌటర్ అయితే ముందు సెట్టింగుల బ్యాకప్ తీసుకుని, ఇలా పంపండి:

ఎస్‌సీపీ -ఓ కొత్తది.బిన్ రూట్@192.168.1.1:/టీఎంపీ/

ఆ ఓ క్యాపిటల్ అక్షరం. దీని దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. ఎస్‌సీపీ కమాండ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే సాఫ్ట్‌వేర్‌లో భాగం, 2022లో వచ్చిన దాని 9.0 వెర్షన్ నుంచి లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతి వాడుతోంది. చిన్న రౌటర్లలో మామూలుగా అది ఉండదు. క్యాపిటల్ ఓ పెడితే పాత పద్ధతిలో పంపుతుంది. మీ కంప్యూటర్‌లో పాత వెర్షన్ ఉండి ఆ ఆప్షన్ తెలియదంటే దాన్ని తీసేసి కొట్టండి.

తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి కమాండ్లు కొట్టే దారిలో, రౌటర్ లోపలికి వెళ్లి, అక్కడ కూడా చెక్‌సమ్ చూడండి. సిస్అప్‌గ్రేడ్ -టీ (ఇదీ క్యాపిటలే) అని రాసి ఫైల్ పేరు ఇస్తే, మెమరీలో ఏమీ రాయకుండా ఫైల్ సరిపోతుందో లేదో మాత్రం చెబుతుంది. సరే అంటే అదే కమాండ్ -టీ లేకుండా కొట్టండి. కనెక్షన్ తెగిపోతుంది, కంగారుపడి స్విచ్ మీద చెయ్యి వెయ్యకండి.

మైక్రోటిక్ కంపెనీ రౌటర్లకి పని ఇంకా తేలిక. ప్రాసెసర్ రకానికి తగిన ఎన్‌పీకే ఫైల్‌ని (వాటి ఫర్మ్‌వేర్ ఫైల్ ఇదే) ఎస్‌సీపీతో పంపి రీబూట్ చేస్తే, అదే ఎక్కించుకుంటుంది.

టీఎఫ్‌టీపీ చచ్చిన డబ్బాలను లేపడానికి. 1981 నాటి పద్ధతి ఇది, పాస్‌వర్డ్ అనేదే లేదు. కాబట్టి మిగతా నెట్‌వర్క్ తీసేసి కంప్యూటర్‌కీ డబ్బాకీ నేరుగా కేబుల్ వేయండి. విండోస్‌లో టీఎఫ్‌టీపీ క్లయింట్‌ని విండోస్ ఫీచర్స్‌లో టిక్ పెట్టి తెచ్చుకోవాలి. చెరువుల మీద ఎక్కువగా కనిపించే యుబిక్విటీ కంపెనీ ఎయిర్‌మ్యాక్స్ రేడియోల (వైర్‌లెస్ డబ్బాల) సంగతి చెబుతాను. కంప్యూటర్ అడ్రస్ 192.168.1.254 అని పెట్టుకోండి. రీసెట్ నొక్కిపట్టి కరెంటు ఇచ్చి, లైట్లు మార్చి మార్చి వెలిగేదాకా వదలకండి. అప్పుడు:

టీఎఫ్‌టీపీ -ఐ 192.168.1.20 పుట్ కొత్తది.బిన్

-ఐ మర్చిపోతే ఫైల్ పాడవుతుంది. పంపడం అయ్యాక పది నిమిషాలు కదపకండి. టీ తాగి రండి.

రెండు డబ్బాలూ తీగ లేకుండా వైర్‌లెస్‌గా ఒకదానికొకటి కలిసి ఉంటే ఏది ముందు? మన కాలవల్లో శివారు భూములకి నీళ్లు చివర్లో వస్తాయి. ఇక్కడ శివారే ముందు. ఇంటి డాబా మీదిది ముందు మార్చి లింక్ తెగిందనుకోండి, గట్టు మీది దానికి ఫైల్ పంపే దారే ఉండదు, ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని బురదలో నడవాలి. గట్టు మీది డబ్బా మారి, తిరిగి లేచి పింగ్‌కి (డబ్బా బతికే ఉందా అని అడిగే కమాండ్) జవాబిచ్చాకే డాబా ఎక్కండి. జవాబు రాకపోతే డాబా మీది దాన్ని ముట్టుకోకుండా ముందు చెరువు దగ్గరికి బయల్దేరండి.